పెన్నీ చుట్టూ ఉన్న ముక్కలు

లండన్‌లో పాత సామాన్ల సంతలో నల్లబడిన కంచు పెన్నీలు గుప్పెడు కొన్నాను. ఎక్కువ ఐదో జార్జివి. బొమ్మ చుట్టూ ఉన్నది ఇంగ్లీషు కాదు, విరిచేసిన లాటిన్. ఎడమవైపు కింద మొదలుపెట్టి గడియారం ముల్లులా తిరుగుతూ చదవాలి: జార్జివస్ వి, దెయి గ్రా, బ్రిట్ ఓమ్న్ రెక్స్, ఫిద్ దెఫ్, ఇంద్ ఇంప్.

ముందు చిక్కు ‘వి’తో వచ్చింది. రాజు పేరులో ‘యు’ ఉండాల్సిన చోట అదే, పేరు తర్వాతా అదే. మొదటిది అక్షరం, రెండోది అయిదు అంకె. ఇక రెండు చుక్కలు కనిపిస్తే అక్కడ మాట తెగ్గొట్టారని అర్థం. అలా పూరించుకుంటూ పోతే ‘దేవుని దయవల్ల బ్రిటన్లన్నిటికీ రాజు, మతరక్షకుడు, భారత చక్రవర్తి’ అని తేలింది. ‘బ్రిట్’లో రెండు టీలు ఎందుకో చాలాసేపు అంతుపట్టలేదు. లాటిన్ పొడి మాటల్లో చివరి అక్షరం రెట్టిస్తే బహువచనమట! మతరక్షకుడి బిరుదు మరీ తమాషా. మతసంస్కర్త మార్టిన్ లూథర్‌ని ఖండిస్తూ పుస్తకం రాసినందుకు ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీకి 1521లో పోప్ పదో లియో ఇచ్చాడు. ఆ తర్వాత హెన్రీ పోప్‌నే కాదన్నాడు గానీ బిరుదు వదల్లేదు.

నన్ను నిజంగా ఏడిపించింది విక్టోరియా కాలపు గోతిక్ ఫ్లోరిన్ అనే రెండు షిల్లింగుల నాణెం. దాని మీద సంవత్సరం కూడా వంకర్ల అక్షరాల్లో, రాత చివర అతుక్కుని ఉంటుంది. ఎం వెయ్యి, డి ఐదు వందలు, మూడు సీలు మూడు వందలు, ఎల్ యాభై, రెండు ఎక్స్‌లు ఇరవై, రెండు ఐలు రెండు. అంటే 1872. భూతద్దం లేకుండా ఆ సీలు లెక్కపెట్టడం నా వల్ల కాలేదు.

మూడో జార్జి క్రౌన్ అనే పెద్ద వెండి నాణెం అంచు మీద ఉండే అంకె అసలు సంవత్సరమే కాదు, ఏలుబడిలో ఎన్నో ఏడో చెబుతుంది. ఆయన 1760 అక్టోబరు 25న గద్దెనెక్కాడు. అందుకే 1819 నాణేల్లో కొన్నిటి అంచున 59, కొన్నిటి అంచున 60.

మన రూపాయల మీద ‘కింగ్ ఎంపరర్’ అని తిన్నగా ఇంగ్లీషులోనే వేశారు కాబట్టి ‘ఇంద్ ఇంప్’ వెంట పడ్డాను. స్వాతంత్ర్యం వచ్చాక కూడా, ఆరో జార్జి 1948 పెన్నీ మీద అది ఉంది. బిరుదు వదులుకున్న ప్రకటన ఆ ఏడు జూన్ 22న వెలువడింది. 1949 పెన్నీలో లేదు. మిగిలిన జాగాకి సరిపడేలా, ఆరో జార్జి పెన్నీల మీద అంతదాకా రెండక్షరాలుగా ఉన్న ‘ఎఫ్ డి’ని ‘ఫిదెయి దెఫ్’ అని సాగదీసి రాశారు.