మేత మేసేటప్పుడు గొర్రె ఊపిరి

ఎండాకాలం మందను చూస్తుంటే మళ్లీ మళ్లీ అనిపిస్తోంది, మేత వేయడమంటే గొర్రె చేత పని చేయించడం కూడా.

చల్లటి పూట నీడలో ఊరికే ఉన్న గొర్రె నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తుంది. తొట్టిలో మూతి పెట్టగానే ఊపిరి, గుండె వేగం పెరుగుతాయి. ఒంట్లో శక్తి ఖర్చు దాదాపు సగం మేర ఎక్కువవుతుంది. ఒక లీటరు ఆక్సిజన్ వాడితే సుమారు 20 కిలోజౌళ్ల వేడి పుట్టినట్టే.

ఈ ఖర్చు మేత బరువు కంటే, నమిలే సమయాన్ని బట్టి ఉంటుంది. కిలో గుళికల దాణా త్వరగా అయిపోతుంది, కిలో ముదురు జొన్న చొప్పకు చాలాసేపు దవడ ఆడాలి. అందుకే చొప్ప నరికి వేయాలి. మరీ పొడి చేస్తే మాత్రం నెమరు తగ్గి, లాలాజలం తగ్గి, పొట్టలో పులుపు పెరుగుతుంది. అది ఇంకా పెద్ద నష్టం.

మిట్టమధ్యాహ్నం మేపితే నమిలే వేడికి పొట్టలో మేత పులిసే వేడి తోడై, పైన ఎండ. ఊపిరి నిమిషానికి 80 దాటిందంటే వేడి గొర్రెను గట్టిగా బాధిస్తున్నట్టే. తెల్లవారుజామున, సాయంత్రం మేపండి, నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి.

ఊపిరి లెక్కపెట్టేటప్పుడు గొర్రెను పట్టుకోవద్దు, బెదిరితే లెక్క తప్పుతుంది. దూరం నుంచి డొక్క కదలిక 30 సెకన్లు చూసి రెట్టింపు చేయండి. నమిలేటప్పుడు లయ చెదురుతుంది, కాబట్టి మేతకు ముందు, ముగిసిన వెంటనే చూడండి. చల్లటి పొద్దున, మేతకు ముందే ఊపిరి నిమిషానికి 40 దాటి, దగ్గు, చీమిడి ఉంటే అది మేత వల్ల కాదు. జ్వరం చూసి పశువైద్యుణ్ణి పిలవండి.