నిచ్చెన తాత బుక్కు

మన బడి బ్యాచ్ మీటింగు సంచికకు ఏదన్న రాయిమని గ్రూపుల అడిగిన్రు. నేనేమో లెక్కలల్ల ఫస్ట్ వచ్చినదాన్ని కాదు, ఖోఖోల కప్పులు తెచ్చినదాన్ని కాదు, అందుకే మన ప్రైమరీ బడి ఆఫీసు రూము మూలకు ఉండె చూడు ఆకుపచ్చ రేకు పెట్టె, దాని గురించి రాస్త.

ఆ పెట్టె ఎట్లొచ్చిందో నాకు పెద్దయినంక తెలిసింది. 1986ల కొత్త విద్యా విధానం వచ్చినంక, 1987ల కేంద్రం ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అని పెట్టిందట, ప్రతి ప్రైమరీ బడికి కనీసం రెండు రూములు, ఇద్దరు సార్లు, బోర్డు, మ్యాపులు, ఆటబొమ్మలు, చిన్న లైబ్రరీ ఉండాలని, ఆ లైబ్రరీ బుక్కుల పెట్టెనే ఇది. అప్పుడు మాకు తెలిసింది మాత్రం దాని తాళం ఒక్కటే. బుక్కు చినిగితే స్టాక్ రిజిస్టర్ పట్టుకొని అడిగేటోళ్ళు వస్తరు, ఎవరు జవాబు చెప్పాలె అని పెద్దసారు భయం, ఆయన్ని నేను తప్పు పట్టను, ఆయన జీతం ఆయనది. గని పిల్లల కోసం వచ్చిన బుక్కులు పిల్లల చేతికి రాకుండ కాపాడుడు ఏందో ఇప్పటికీ నాకు సమజ్ కాదు.

మూడో తరగతిల ఒక వానకాలం ముసురు పట్టి నాలుగు రోజులు ఆగకుండ కొట్టింది, ఆఫీసు రూము కురిసి పెట్టెలకు నీళ్ళు దిగినయి. ఎండ పొడిచినంక, కొత్తగ వచ్చిన చిన్నసారు తాళం తీయించి బుక్కులన్నీ వరండల ఆరబెట్టి, మేకలొచ్చి నములుతయని మమ్మల్ని ఐదుగురిని కావలి పెట్టిండు. కావలి ఉండుమన్నడు గని చూడొద్దని అనలేదు గద.

అండ్ల ఒకటి హిందీ బుక్కు. మనకు హిందీ ఆరో తరగతి దాకా లేకపాయె, ఆ అక్షరాలు మాకు దండెం మీద బట్టలు ఆరేసినట్టు కనవడ్డయి. బొమ్మలే చూసినం. తెల్లగడ్డం తాత, భుజం మీద నిచ్చెన. బజార్ల పోతుంటే కుక్క ఎంబడి వడ్తది, ఆడోళ్ళు నవ్వుతరు, తర్వాత ఒక పెద్ద చెట్టు, చెట్టు ఎనక చందమామ, కొమ్మల నడుమ ఎర్రగ చిన్నది ఏదో. ఇగ మొదలైంది పంచాయితి. ఒకడు, కరెంటాయన, ఫీజు పోతే ఏసెతందుకు పోతుండు అన్నడు. గౌడ్ల ఇంటి పిల్లగాడు ఒప్పుకోలే, కల్లుకు పోతుండు గని చెట్టెక్కే మోకు లేదు ముత్తాదు లేదు, నిచ్చెనేసుకొని ఎవడన్న తాడెక్కుతడా, ఈడు దొంగ అని తేల్చిండు. ఒక పిల్ల ఆ ఎర్రది మంట అంది. మేము కొట్లాడుతుంటే ఎనక నుంచి మేక వచ్చి బుక్కు మూల కొరికి పోయింది, అది వేరే సంగతి.

చిన్నసారు మా లొల్లి విని కొడ్తడనుకున్నం. ఆయనకు కూడ హిందీ అంత రాదు కావచ్చు, నవ్వి, తర్వాత ఏమైతదో మీరే బొమ్మలేసుకొని రండి అన్నడు. ఆ ఒక్క మాటకే ఇన్నేండ్లయినా ఆయన యాదికున్నడు.

కాయితాలు ఏడివి? పెండ్లి పత్రికల ఎనక తెల్లగ ఉంటది చూడు, అవి ఏరుకొచ్చినం. మా వాడకట్టంత మగ్గాలే కాబట్టి కుట్టెతందుకు నూలుకు కరువు లేదు, అతికెతందుకు గంజి ఉండనే ఉండె, గంజి పట్టకపోతే తుమ్మ బంక. ఈతపుల్ల కొస నమిలితే కుంచె అయితది. పసుపుల సున్నం కలిపితే ఎర్రగైతదని బొట్టు పెట్టే ఇండ్లల్ల అందరికి ఎరుకే, నల్లకు బొగ్గు, ఆకుపచ్చకు పలక తుడిచే దొండాకు పసరు, అది మాత్రం ఆరినంక చూస్తే ఒట్టి మరకనే. మా నాయిన అద్దకం చేసినంక గిన్నెల మిగిలిన రంగు కూడ ఎత్తుకపోయిన, మందు రంగు చేతులు పాడైతయని అమ్మ వీపు మీద రెండు ఏసింది.

నా పేజీ గురించి చెప్పాలె. మా ఇంట్ల చిటికి కట్టుడు పొద్దుమాపు చూసేదాన్ని, నూలు మీద గుర్తు పెట్టిన కాడ సైకిల్ ట్యూబు పేలికెలు గట్టిగ చుడ్తరు, రంగుల ముంచితే కట్టిన కాడికి రంగు ఎక్కదు, ఇప్పితే తెల్లగ ఉంటది. నా లెక్కల ఆ తాత నిచ్చెనేసుకొని పోయింది చందమామకు చిటికి కట్టెతందుకు. ఆకాశాన్ని నల్లరంగుల ముంచుతరు గద రోజు, కట్టిన కాడ తెల్లగ ఉండిపోయింది. చుక్కలు చిన్న చిన్న ముడులు. సారు చూసి ఏం అనలేదు, పక్క రూముల పెద్దసారుకు చూపిచ్చుకొచ్చిండు. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతోటి పిల్లలతో బొమ్మలు చేపిచ్చిన అరవింద్ గుప్తా గారికి 2018ల పద్మశ్రీ వచ్చినప్పుడు, మా అమ్మ ఒళ్ళె ఉండే ట్యూబు పేలికెలు యాదికొచ్చినయి.

బొమ్మలు చూసి కథ అల్లుకునుడు మాకు కొత్త కూడ కాదు అనుకుంట. మార్కండేయ పురాణం చెప్పెతందుకు కూనపులోళ్ళు వచ్చి గుడి ముంగట బొమ్మల పటం కట్టేటోళ్ళు, అది చేర్యాల దిక్కు నకాషోళ్ళు ఏసేది, బట్టకు చింతగింజల అంబలి, తెల్లమట్టి పూసి దాని మీద ఎర్ర రంగు పరిచి వరుసలు వరుసలు బొమ్మలు. కట్టెతోటి ఒక్కొక్క బొమ్మ చూపిచ్చుకుంట పాడుతుంటే మేము ఆయన ఇంక చూపియ్యని కింది వరుసల దిక్కే చూసేటోళ్ళం. బొడ్డెమ్మకు పుట్టమన్ను పిసుకుడు, ఏరువాకకు మట్టి ఎద్దులు, జొన్న బెండ్లతోటి కండ్లద్దాలు, ముంజకాయల బండి, ఇవన్ని మీకు చెప్పేదేముంది, మీరు కూడ చేసినోళ్ళే. మా బిడ్డకు కొనిచ్చిన కలరింగ్ బుక్కుల గీత దాటొద్దని ముందే రాసుంటది, ఆపిల్ పక్కన ఎర్ర చుక్క పెట్టి మరీ ఇస్తరు, నాకైతే మండుతది.

ఆరో తరగతికి వచ్చినం, హిందీ అక్షరాలు వచ్చినయి, కూడబలుక్కొని చదువుడు వచ్చింది. ఒకరోజు ఇంటర్వెల్‌ల ప్రైమరీ దిక్కు పోయి ఆ బుక్కు అడిగి తీస్కొని నలుగురం చెట్టు కింద కూసొని చదివినం. మనుమని గాలిపటం చెట్టుకు చిక్కితే తీసెతందుకు పోతుండు తాత. ఆ ఎర్రది గాలిపటం. గంతే. మూడేండ్లు కొట్లాడింది దీనికా అని గౌడ్ల పిల్లగాడు నిజంగనే ఏడుపు మొకం పెట్టిండు. బుక్కు మూసి ఇచ్చేసినం. వరండల మూడో తరగతోళ్ళు, తాత చందమామను కోసుకొస్తడని ఒకడు, కాదు దించి పాలల్ల ముంచుతడని ఒకడు, అరుసుకుంటున్నరు. వాళ్ళకు చెప్పొద్దని అక్కడే ఒట్టేసుకున్నం, నేనైతే ఇవ్వాళ్టి దాకా చెప్పలేదు, ఇప్పుడు ఇది చదివి ఎవరన్న తిడితే పడ్త.

2016ల జిల్లా మారింది, మన ఊరు నల్లగొండల నుంచి యాదాద్రి భువనగిరిలకు పోయింది, ఆ పాత రూములు కూడ కూలగొట్టిన్రు, రేకు పెట్టె ఏమైందో ఎవరికి తెల్వదు. గని మేము కుట్టిన పెండ్లి పత్రికల బుక్కు ఐదో తరగతి అయిపోయిన రోజు మనలనే ఎవరో ఇంటికి తీస్కపోయిన్రు. ఎవరో నాకు అనుమానముంది గని పేరు రాయను. మీటింగుకు వచ్చేటప్పుడు తెండి, గుంజుకోను, ఒక్కసారి చూసి ఇచ్చేస్త. అట్ట మీది పసుపు సున్నం ఎరుపు ఈపాటికి ఎగిరిపోయి ఉంటది కాబట్టి రంగు చూసి ఇది కాదనుకోకుండ్రి. ఆ మేక దీన్ని కూడ ఇడవలేదు, కింద కుడి దిక్కు మూల కొరికి ఉంటది, అదే గుర్తు.