ఇంటి ఖర్చు, ఒంటి బరువు

ఒక నెల ఖర్చులు తగ్గించాలనుకుంటాం, ఇంకో నెల బరువు తగ్గాలనుకుంటాం. మా ఇంట్లో ఈ రెండింటినీ ఒకే పుస్తకంలో రాయడం మొదలుపెట్టి ఏడాది దాటింది. ఎడమ పేజీలో ఆ రోజు ఖర్చయిన డబ్బు, కుడి పేజీలో తిన్నవి. రాయగా రాయగా ఒకటి స్పష్టంగా కనిపించింది. డబ్బు ఎక్కడ కారిపోతోందో బరువూ దాదాపు అక్కడే పెరుగుతోంది. పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు వల్ల మా నెల ఖర్చు ఏనాడూ హద్దు దాటలేదు. సాయంత్రం ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా జరిగేవే రెండు పేజీల్లోనూ పెద్ద పద్దులు.

మేం ఉండేది హైదరాబాద్ విద్యానగర్‌లో. నేను, మా ఆయన, ఇంటర్ చదివే మా బాబు, మా అత్తమ్మ. నా ఆఫీసు హిమాయత్‌నగర్‌లో, పొద్దంతా అకౌంట్స్ పనే. కాబట్టి ఇందులో లెక్కలు కాస్త ఎక్కువే ఉంటాయి, ఓపిగ్గా చదవండి.

ముందు నూనె సంగతి చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ మార్పు తెచ్చింది అదే. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ మాకు చాలా దగ్గర. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చిన సంస్థ అది. 2024లో వాళ్లు విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకు 2,000 క్యాలరీల భోజనంలో ఏది ఎంత ఉండాలో గ్రాముల్లో ఇచ్చారు. బియ్యం, జొన్న, గోధుమల్లాంటి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, కూరగాయలు 400, పండ్లు 100, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85, గింజలు 35, పాలు 300 మిల్లీలీటర్లు, నూనె నెయ్యి కలిపి 27 గ్రాములు. ఆ చివరి అంకె దగ్గర నేను ఆగిపోయాను.

ఒక్కొక్కరికి 27 గ్రాములంటే నలుగురికి రోజుకు 108. నెలకు 3,240. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. మూడు లీటర్ల నూనె, అరకిలో నెయ్యి కలిపితే 3,230 గ్రాములు. అంటే మా ఇంటికి నెల మొత్తానికీ అంతే. మేం అప్పటిదాకా నెయ్యి కాక ఆరు లీటర్లు వాడుతున్నాం. ఎదిగే వయసు కాబట్టి బాబుకు కొంచెం ఎక్కువ కావాలి, అత్తమ్మకు తక్కువ చాలు. ఇంటి మొత్తానికి చూస్తే లెక్క సరిపోతుంది.

ఇప్పుడు ఒకటో తారీఖున మూడు ప్యాకెట్లే కొంటాం. ప్యాకెట్ నుంచి నేరుగా మూకుట్లోకి వంపడం మానేశాం. నూనె స్టీలు డబ్బాలో పోసి, మూత మీద స్కెచ్ పెన్నుతో తేదీ రాస్తాను. ఒక్కో ప్యాకెట్ పది రోజులు రావాలి. ఎనిమిదో రోజుకే అడుగు కనిపిస్తే మిగతా రెండు రోజులూ చారు, పచ్చిపులుసు, ఆకుకూర పప్పు. మొదట్లో అత్తమ్మ ఒప్పుకోలేదు. "గంత తక్కువ నూనె పోస్తే కూర నోట్లకు ఎట్ల పోతది బిడ్డా?" అన్నది. ఆమె అన్నదాంట్లో న్యాయం ఉంది. నూనె ఒక్కటే తగ్గించి మిగతా వంటంతా పాత పద్ధతిలోనే చేస్తే కూర చప్పగా, ఎండినట్టు ఉంటుంది. వండే తీరే మారాలి.

దొండకాయ వేపుడు ఎలా చేస్తున్నానో చెబుతాను. కాయలు సన్నగా నిలువుగా తరిగి, ఇనుప మూకుట్లో వేసి, చిటికెడు ఉప్పు, రెండు చెంచాల నీళ్లు చల్లి మూత పెడతాను. చిన్న మంట మీద ముక్క తన నీళ్లతోనే మగ్గుతుంది. మెత్తబడ్డాక మూత తీసి, తడి అంతా ఇగిరిపోయేదాకా ఆగుతాను. ఈ ఆగడం ముఖ్యం. తడి ఉండగానే నూనె పోస్తే ముక్క వేగదు, ఇంకాస్త పోయాలనిపిస్తుంది. తడి పోయాక అంచుల వెంట రెండు చెంచాల నూనె, మంట కొంచెం పెద్దది చేసి ఎర్రబడనిస్తాను. చివర్లో వేయించిన పల్లీలు, ఎండుమిర్చి, వెల్లుల్లి కలిపి దంచిన పొడి చల్లుతాను. బెండకాయ మాత్రం ఇలా కుదరదు, నీళ్లు తగిలితే జిగురొస్తుంది. దానికి మూత పెట్టను, ముందు ఉత్త మూకుట్లో కాసేపు వాడనిచ్చి తర్వాత నూనె వేస్తాను. వంకాయ ఎంత పోస్తే అంత తాగేస్తుంది కాబట్టి గుత్తివంకాయను కుక్కర్లోకి మార్చాను. పల్లీలు, నువ్వులు, కొబ్బరి ముద్ద కూరి, చింతపండు పులుసు పోసి ఒక్క విజిల్. పల్లీల్లోని నూనే పైకి తేలి కనిపిస్తుంది. అది తిన్న రోజు నుంచి అత్తమ్మ నూనె మాట ఎత్తలేదు.

డబ్బు పరంగా చూస్తే మూడు ప్యాకెట్లు తగ్గడం వల్ల మిగిలింది నెలకు ₹450 దాకా. పెద్ద మొత్తం కాదు. క్యాలరీల పరంగా మాత్రం పెద్దదే. గ్రాము కొవ్వుకు 9 క్యాలరీలు. 2,730 గ్రాములకు 24,570. నలుగురికి పంచితే మనిషికి నెలకు ఆరు వేల పైన. ఒంట్లో కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీలు తగ్గాలనేది ఒక మోటు లెక్క. ఆ లెక్కన ఇంకేమీ చేయకుండానే నెలకు ముప్పావు కిలో. శరీరం ఇంత సూటిగా నడవదనుకోండి. బరువు తగ్గేకొద్దీ ఒంటికి కావలసిన క్యాలరీలూ తగ్గుతాయి, ముందున్న వేగం తర్వాత ఉండదు. అయినా మొదటి మూడు నాలుగు నెలల్లో మా ఆయనకూ నాకూ బట్టలు వదులు కావడానికి ఎక్కువ కారణం ఈ నూనె డబ్బానే అని నా నమ్మకం.

ఇక సాయంత్రాలు. ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడు, కడుపు కాలుతూ ఉంటుంది. దారిలో మిర్చి బజ్జీల బండి, ఇంటికొచ్చాక వంట చేసే ఓపిక లేక డెలివరీ యాప్. దీనికి నాకు పనికొచ్చిన ఉపాయం చాలా చిన్నది. ఆఫీసులో అయిదున్నరకే గుప్పెడు పుట్నాలో, ఉడికించిన శనగలో, ఒక జామకాయో తినేస్తాను. పుట్నాలు, పల్లీలు, పప్పులు బేగంబజార్‌లో రెండు మూడు నెలలకు సరిపడా తెచ్చుకుంటాం. కడుపులో ఏదో ఒకటి ఉంటే బజ్జీల బండి వాసన అంత లాగదు, కూరగాయల బజారులోనూ అనవసరమైనవి సంచీలో పడవు.

యాప్ విషయానికొస్తే, హోటల్లో ₹280 ఉన్న బిర్యానీ ప్యాకింగ్, డెలివరీ, ఇంకా ఏవేవో ఛార్జీలు కలిసి ఇంటికొచ్చేసరికి ₹400 దగ్గర పడుతోంది. పుస్తకంలో ఒక నెల డెలివరీ పద్దులన్నీ కూడి బాబుకు చూపించాను. మందలించలేదు, అంకె మాత్రమే చూపించాను. "అమ్మా, ఇది నా కోచింగ్ ఫీజులో సగం కదా" అన్నాడు. ఇప్పుడు నెలకోసారి నలుగురం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కు వెళ్లి, కూర్చుని, వేడివేడిగా తిని వస్తాం. బిర్యానీ మానేయాలని ఎవరన్నా చెబితే నేను ఒప్పుకోను. ఈ ఊళ్లో ఉంటూ బిర్యానీ, రంజాన్ నెలలో హలీమ్ వదిలేసుకోవడం అక్కర్లేని త్యాగం. హలీమ్ ప్లేటు ఒకటి తీసుకుని ఇద్దరం పంచుకుంటాం, సరిపోతుంది.

రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె మొదలుపెట్టాం. మా వీధి చివర ఒకావిడ సాయంత్రం నుంచి పొయ్యి మీద కాలుస్తూ ఉంటుంది. అత్తమ్మకు చేతనైన రోజు ఇంట్లోనే చేస్తుంది, వేణ్నీళ్లతో పిండి కలిపి అరచేత్తో తట్టి. జొన్న తింటే సన్నబడతామని చాలామంది అనుకుంటారు. గ్రాముకు గ్రాము చూస్తే బియ్యానికీ జొన్నకూ క్యాలరీల్లో పెద్ద తేడా లేదు. తేడా పీచులో, తినే తీరులో ఉంది. రెండు రొట్టెలతో కడుపు నిండినట్టు ఉంటుంది, వాటికి కూర ఎక్కువ కావాలి. అన్నమైతే పప్పుతో ఒకసారి, చారుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి అంటూ మూడు వడ్డనలు. ఖరీదైన చిరుధాన్యాల ప్యాకెట్లు మేం కొనలేదు. మధ్యాహ్నం మామూలు సన్నబియ్యమే, కాకపోతే గ్లాసుతో కొలిచి వండుతాం.

అన్నం తగ్గిన చోట కూర, గుడ్డు పెరగాలి, లేదంటే పదింటికి మళ్లీ ఆకలి. ఒక గుడ్డులో మాంసకృత్తులు సుమారు 6 గ్రాములు. ఖర్చూ తక్కువే. ఆదివారం రాంనగర్ చేపల మార్కెట్‌కు మా ఆయన వెళ్తారు. కొర్రమీను ధర చూసి వెనక్కొచ్చేసి, బొచ్చెనో రోహూనో తెస్తారు. పులుసుకు నూనె తక్కువే పడుతుంది. ఆకుకూరలు నల్లకుంట మార్కెట్‌లో. తోటకూర, చుక్కకూర, గోంగూర, దొరికినప్పుడు గంగవాయిలికూర. వారంలో నాలుగు రోజులు ఏదో ఒక ఆకు పప్పులో పడుతుంది. కందిపప్పు అరగంట ముందే నానబెడితే కుక్కర్లో విజిల్స్ తగ్గుతాయి. సిలిండర్ ₹900 దాటిన రోజుల్లో అదీ లెక్కే.

నడక గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. అరగంట చురుగ్గా నడిస్తే నాలాంటి మనిషికి కరిగేది 150 క్యాలరీల లోపే. ఒక సమోసా తింటే అంతకు మించి తిరిగొస్తుంది. బరువు తగ్గేది ప్రధానంగా వంటింట్లోనే. నడక వల్ల నాకు నిద్ర బాగుపడింది, మోకాళ్లు తేలికయ్యాయి, ఆటో ఖర్చు పోయింది. ఆఫీసుకు పోను ₹70, రాను ₹70 లెక్కన నెలకు ₹3,500 అయ్యేది. ఇప్పుడు ఇంటి నుంచి ఫీవర్ హాస్పిటల్ దాకా నడిచి బస్సెక్కుతాను. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కదా, ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. నారాయణగూడలో దిగి మిగతా దూరం నడుస్తాను. పొద్దున ఎనిమిదిన్నర దాటితే బస్సులో నిలబడడానికి కూడా చోటుండదు, అందుకే పావుగంట ముందే బయల్దేరతాను. మా ఖర్చుల్లో ఒక్కసారిగా అతి ఎక్కువ తగ్గింది ఇదే. సెలవు రోజుల్లో మా ఆయన, నేను ఉస్మానియా క్యాంపస్‌లో నడుస్తాం. చెట్ల నీడ, పక్కన ఆర్ట్స్ కాలేజీ. నలభై దాటాక కండ తగ్గిపోతుంది కాబట్టి వారంలో మూడు రోజులు ఇంట్లోనే కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం, రెండు లీటర్ల నీళ్ల బాటిళ్లు ఎత్తడం చేస్తాను.

అత్తమ్మకు షుగర్ ఉంది. ఇంట్లో ఇలా మాత్రలు వేసుకునేవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఉంటే, తిండి మార్చే ముందు డాక్టర్‌కు చెప్పాలి. అన్నం సగానికి తగ్గించి మాత్ర మోతాదు పాతదే ఉంచితే చక్కెర మరీ పడిపోయి కళ్లు తిరిగే ప్రమాదం ఉంది. మేం ముందే చూపించాం, మాత్ర మోతాదు మార్చారు. టీలో చక్కెర మా ముగ్గురికీ ఒకేసారి మానేయలేదు. రెండు చెంచాల నుంచి ఒకటిన్నర, తర్వాత ఒకటి, ఇప్పుడు అర. నాలుక దానంతటదే అలవాటు పడుతుంది.

బరువు వారానికి ఒక్కసారే చూస్తాను, శనివారం పొద్దున్నే. దాంతోపాటు టైలరు టేపుతో నడుము. మన దేశంలో ఆడవాళ్లకు నడుము 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటకూడదంటారు. నేను 78 కిలోల నుంచి 69కి వచ్చాను, నడుము ఇంకా 84 దగ్గర ఉంది. మా ఆయనది 90 లోపలికి వచ్చేసింది. మధ్యలో రెండు నెలలు ముల్లు కదలలేదు, టేపు మాత్రం కొంచెం కొంచెం తగ్గుతూ వచ్చింది. టేపు లేకపోతే ఆ రెండు నెలల్లో నేను వదిలేసేదాన్నేమో.

మిగిలిన డబ్బు విడిగా తీయకపోతే ఎటు పోయిందో కూడా తెలియదు. అందుకే పోస్టాఫీసులో బాబు చదువు కోసం అయిదేళ్ల ఆర్‌డీ తెరిచాను. నెలకు ₹5,000, జీతం పడిన మర్నాడే. ఆటో, డెలివరీ, నూనె, బిస్కెట్ ప్యాకెట్లు, మధ్యాహ్నం క్యాంటీన్ బదులు డబ్బా... ఇవన్నీ కలిసే ఆ అయిదు వేలు. కొత్తగా ఎక్కడా సంపాదించింది కాదు.

ఈ నెల నుంచి ఉప్పు లెక్క పట్టాం. మనిషికి రోజుకు 5 గ్రాములు మించకూడదు, నలుగురికి నెలకు 600 గ్రాములు. కానీ పచ్చడిలో, అప్పడాల్లో, బయట కొన్న మిక్చర్‌లో ఉన్న ఉప్పు కూడా ఇందులోనే కలుస్తుంది. అత్తమ్మకు బీపీ కూడా ఉండడంతో ఈసారి ఆవకాయ సగమే పెట్టమని అడిగాను. సగమే పెడతానంది, జాడీ మాత్రం తన గదిలోనే ఉంచుకుంటానంది. ఒప్పుకున్నాను.