ఎంతకు పడిపోయాయి?

పద్నాలుగేళ్లు ఒక దినపత్రిక హైదరాబాద్ డెస్కులో పనిచేశాను. వానాకాలం రాగానే ‘విష జ్వరాల పంజా’ అని శీర్షిక పెట్టేది నేనే. ఏ విషమో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. కింద ఫోటో కూడా ఖాయం: చెత్తకుప్ప, పక్కన పొంగుతున్న డ్రైనేజీ. మలేరియాకు దోమే కారణమని రోనాల్డ్ రాస్ 1897లో తేల్చింది మన సికింద్రాబాద్‌లోనేనని ఏటా ఆగస్టు 20న గర్వంగా రాసేవాళ్లం. ఏ దోమ ఎక్కడ పుడుతుందో మాత్రం రాయలేదు.

ఉద్యోగం మానేసిన ఏడాది సెప్టెంబర్‌లో నాకే డెంగీ వచ్చింది. దోమలు ఎక్కడ పెరిగాయో తర్వాత తమ్ముడు చూపించాడు. విద్యానగర్‌లో మా డాబా మీద, నేను మూలకు నెట్టి మర్చిపోయిన కూలర్‌లో. నీళ్లు తేటగా ఉన్నాయి. డెంగీ దోమకు అలాంటి నిల్వ నీళ్లే కావాలి, కుట్టేదీ పగలే. పద్నాలుగేళ్లలో కూలర్ ఫోటో ఒక్కటీ వేయలేదు.

మూడు రోజులు కళ్ల వెనక నొప్పి, ఒళ్లంతా రోకలితో దంచినట్టు. ఎన్ఎస్1 పరీక్షలో డెంగీ అని తేలింది. నాలుగో రోజు పొద్దున్నే జ్వరం దిగిపోయింది. అమ్మ సంబరంగా చారన్నం కలిపి పెట్టింది. మధ్యాహ్నానికి కడుపునొప్పి, ఆగని వాంతులు, లేస్తే కళ్లు తిరగడం. ప్లేట్‌లెట్లు 62 వేలున్నాయి కదా, ఫర్వాలేదనుకున్నాం. మాకు తెలిసిన అంకె అదొక్కటే మరి.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆ అంకెను ఒకసారి చూసి పక్కన పెట్టారు. బీపీ ఎంత, మూత్రం ఎంత వస్తోంది, రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే హెమటోక్రిట్ ఎంత, ఇవే మళ్లీ మళ్లీ చూసుకున్నారు. “జ్వరం తగ్గాకే జాగ్రత్తగా ఉండాలమ్మా. రక్తనాళాల్లోంచి నీరు బయటికి పోయి రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది” అన్నారు. సెలైన్ కూడా కొలిచి ఎక్కించారు, ఎక్కువైతే అదీ ముప్పేనట.

మర్నాడు 24 వేలు. తమ్ముడికి టెన్షన్. వాట్సాప్ గ్రూపులన్నిట్లో దాతల కోసం మెసేజీలు పెట్టాడు. అమ్మ బొప్పాయి ఆకు రసం పట్టుకొచ్చింది. “ఎవరు చెప్పారే?” అంటే, “మీ పేపర్లోనే, కత్తిరించి దాచుకున్నా” అంది. ఆ శీర్షిక నాది కాదని గట్టిగా చెప్పలేను. రక్తస్రావం లేదు గనక, 10 వేల లోపుకు పడితే ప్లేట్‌లెట్లు ఎక్కించే సంగతి చూద్దామన్నారు డాక్టరమ్మ. ఆ అవసరం రాలేదు. వారానికి ఇంటికొచ్చాను, నీరసం మాత్రం నెల దాకా వదల్లేదు.

అప్పుడే డెస్కు నుంచి పాత జూనియర్ ఫోన్ చేశాడు, హెల్త్ పేజీకి నా కథ కావాలట.

“ఎంతకు పడిపోయాయక్కా?”

“24 వేలకు.”

“అంతేనా!”

నాలుగో రోజు సంగతి రెండుసార్లు చెప్పాను. కూలర్ గురించీ చెప్పాను. ఆదివారం వచ్చింది: ‘మృత్యువును జయించి...’ పక్కన బాక్సులో ప్లేట్‌లెట్లు పెంచే ఆహారం. నాలుగో రోజూ లేదు, కూలరూ లేదు. కోపం రాలేదు. రాత్రి పదకొండుకి పేజీ వదలాల్సి వస్తే నేనూ అలాగే పెట్టేదాన్ని. అదే బాధ.

సాయంత్రం పక్కింటావిడ ఆ పేపరు పట్టుకుని వచ్చింది. కూతురికి డెంగీ అట, బొప్పాయి ఆకు ఎక్కడ దొరుకుతుందని అడిగింది.

“జ్వరం ఎన్నో రోజు?”

“నాలుగోది. పొద్దున్నే దిగిపోయిందిలెండి. పడుకుంది, లేపితే పలకట్లేదు.”

చెప్పులు వేసుకున్నాను.