ఖాళీగా ఉన్నప్పుడే మాయమయ్యే ఎన్‌వీఎంఈ

నా కంప్యూటర్‌లో డ్రైవ్‌ను మాయం చేస్తున్న దొంగ ఎక్కడ దాక్కున్నాడో ఎట్టకేలకు తెలిసింది!

లైనక్స్ నడిచే మినీ పీసీలోని 256 జీబీ సాటా డ్రైవ్ తీసేసి 1 టీబీ ఎన్‌వీఎంఈ (సాటా కంటే వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ) పెట్టాను. క్లోనింగ్ (పాత డ్రైవ్‌ను యథాతథంగా కొత్తదానిలోకి కాపీ చేయడం), పార్టిషన్ పెంచడం సాఫీగా జరిగాయి. క్లోన్‌జిల్లా ఉచితంగా దొరుకుతుంటే డబ్బు పోసి క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ ఎందుకు కొంటారో నాకు అర్థం కాదు.

చిక్కంతా ఆ తర్వాతే. ఉన్నట్టుండి ఫైల్ సిస్టమ్ రీడ్ ఓన్లీకి (చదవడమే తప్ప రాయనివ్వని స్థితికి) మారిపోతుంది. రీస్టార్ట్ చేస్తే బయాస్‌లో (కంప్యూటర్ మొదలవగానే వచ్చే సెట్టింగుల తెరలో) డ్రైవ్ ఊసే ఉండదు. పవర్ కేబుల్ పీకి, కాసేపాగి పెడితేనే మళ్లీ కనిపిస్తుంది. మొదట వేడిని అనుమానించాను. పెద్ద ఫైళ్లు రాస్తుంటే 78 డిగ్రీలు చూపించింది. డ్రైవ్ వేడిని మూతకు చేరవేసే 1 మి.మీ. థర్మల్ ప్యాడ్ అడుగు మూతకు ఆనలేదు, 1.5 మి.మీ.ది వేస్తే 61కి దిగింది. అయినా డ్రైవ్ మాయమవడం ఆగలేదు. స్లాట్ తుడిచి, స్క్రూ మళ్లీ బిగించినా అంతే.

అప్పుడు లాగ్‌లో సమయాలు పోల్చి చూశాను. కాపీ జరుగుతుండగా ఒక్కసారీ పోలేదు! పని ముగిసి, యంత్రం ఊరికే ఉన్నప్పుడే పోతోంది. కంట్రోలర్ స్టేటస్ విలువ నిండా ఎఫ్‌లే, అంటే పీసీఐఈ బస్ (డ్రైవ్‌ను మదర్‌బోర్డుతో కలిపే దారి) మీద అడిగితే డ్రైవ్ జవాబే ఇవ్వడం లేదు. ఈ డ్రైవ్‌కు 0 నుంచి 4 దాకా పవర్ స్థితులున్నాయి, అంకె పెరిగేకొద్దీ కరెంటు వాడకం తగ్గి నిద్ర గాఢమవుతుంది. చివరిదానిలోకి వెళ్లడానికి 2,000, బయటికి రావడానికి 8,000 మైక్రోసెకన్లు పడుతుందని డ్రైవే చెబుతోంది. అక్కడ నిద్రపోయి లేవడం లేదని నా అనుమానం. లైనక్స్ కెర్నల్‌లో (వ్యవస్థ కేంద్ర భాగంలో) ఎన్‌వీఎంఈ గరిష్ఠ లేటెన్సీని, అంటే నిద్ర లేవడానికి ఒప్పుకునే ఆలస్యం పరిమితిని, 0 చేసి ఆ నిద్రను పూర్తిగా ఆపేశాను. అప్పటి నుంచి డ్రైవ్ కదలకుండా కూర్చుంది. కాకపోతే ఖాళీగా ఉన్నప్పటి వేడి 41 నుంచి 47కు పెరిగింది, ప్లగ్ దగ్గర మీటరులో ఒక వాట్ ఎక్కువ చూపిస్తోంది.

ఆ 6 డిగ్రీలు నాకు నచ్చడం లేదు. రోజంతా ఆన్‌లో ఉండే యంత్రం ఇది. అందుకే ఇప్పుడు ఆ పరిమితిని 5,500 మైక్రోసెకన్లు పెట్టి చూస్తాను. అప్పుడు మూడో స్థితి దాకా దిగుతుంది, నాలుగోదాని జోలికి పోదు. అదీ నిలిస్తే ఫర్మ్‌వేర్ (డ్రైవ్‌ లోపలే ఉండే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేసి, పరిమితి ఎత్తేసి మళ్లీ పరీక్షిస్తాను. ఈ డ్రైవ్ తయారీదారు అప్‌డేట్‌ను విండోస్ ప్రోగ్రామ్‌గా మాత్రమే ఇవ్వడం అన్యాయం. ఎల్‌వీఎఫ్ఎస్‌లో (లైనక్స్ యంత్రాలకు ఫర్మ్‌వేర్ అందించే సేవలో) పెడితే లైనక్స్ వాళ్లకు ఎంత సుఖం!

పాత సాటా డ్రైవ్ యూఎస్‌బీ పెట్టెలోకి వెళుతుంది, రాత్రి బ్యాకప్‌ల కోసం. ర్యామ్ కూడా 16 జీబీకి పెంచాలి.