ఓడినవారు దిగిపోయిన చోట

లిథువేనియా రాజధాని విల్నియస్ నుంచి బెలారస్ రాజధాని మిన్స్క్‌కు దూరం 200 కిలోమీటర్లు కూడా ఉండదు. ఆ రెండూ ఒకప్పుడు సోవియట్ రిపబ్లిక్కుల రాజధానులు. రెండు చోట్లా ఒకటే పార్టీ, ఒకటే కేజీబీ గూఢచారి పోలీసు. ఇప్పుడు లిథువేనియాలో ఓటర్లు ప్రభుత్వాలను మారుస్తూనే ఉన్నారు. బెలారస్‌లో మాత్రం 1994లో గద్దెనెక్కిన అలెగ్జాండర్ లుకాషెంకో 2025 జనవరిలో ఏడోసారి గెలిచినట్టు ప్రకటించుకున్నారు. ఇంత దగ్గరి ఇరుగుపొరుగు ఇంత వేరు దారులు ఎందుకు పట్టారన్న ప్రశ్న 2020 ఆగస్టు నుంచి నన్ను వదలడం లేదు.

ఒకరు యూరప్ వైపు, మరొకరు రష్యా వైపు మొగ్గారన్నది అందరూ చెప్పే జవాబు. 2004లో లిథువేనియా యూరోపియన్ యూనియన్‌లోనూ నాటోలోనూ చేరింది, బెలారస్ రష్యా చౌకగా ఇచ్చే గ్యాస్ మీద బతికింది కాబట్టి అందులో నిజం లేకపోలేదు. అయితే అసలు తేడా అంతకు ముందే, 1992లోనే కనబడుతుందని నా నమ్మకం.

1991 జనవరిలో సోవియట్ సైన్యం విల్నియస్ టీవీ టవర్ మీద దాడి చేసిన రాత్రి నిరాయుధులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. జనం పార్లమెంటు చుట్టూ కాంక్రీటు దిమ్మెలు పేర్చి కాపలా కాశారు. ఆ స్వాతంత్ర్య పోరాటానికి నాయకుడు విటౌటాస్ లాండ్స్‌బెర్గిస్, సంగీత శాస్త్రాచార్యుడు. రెండేళ్లు తిరగకముందే, 1992 ఎన్నికల్లో, అదే జనం ఆయన పక్షాన్ని ఓడించి, మాజీ కమ్యూనిస్టు నేత బ్రజౌస్కాస్ పార్టీని గెలిపించారు. దేశానికి స్వాతంత్ర్యం తెచ్చినవారు, తాము ఎవరితో పోరాడారో వారికే అధికారం అప్పగించి ప్రతిపక్షంలో కూర్చున్నారు. 1996లో ఆ మాజీ కమ్యూనిస్టులూ ఓడి అలాగే దిగిపోయారు. 2004లో అధ్యక్షుడు పాక్సాస్‌ను పార్లమెంటు అభిశంసించి తొలగిస్తే ఆయనా పదవి వదిలారు. ఎమర్జెన్సీ తర్వాత 1977లో ఇందిరా గాంధీ ఓటమిని ఒప్పుకుని దిగిపోవడం ఎంత పెద్ద సంగతో తెలిసిన మనకు దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు.

బెలారస్‌లో 1994 ఎన్నిక నిజమైన ఎన్నికే. రెండో విడతలో లుకాషెంకోకు సుమారు 80 శాతం ఓట్లు వచ్చాయి, ప్రధాని కెబిచ్ ఓడిపోయారు. ఆ గెలుపును ఆయన తిరుగులేని హక్కుగా మార్చుకున్నారు. 1995 ఏప్రిల్‌లో ఆయన తలపెట్టిన రెఫరెండాన్ని (ప్రజాభిప్రాయ సేకరణను) వ్యతిరేకిస్తూ సభలోనే నిరాహార దీక్షకు కూర్చున్న ప్రతిపక్ష సభ్యులను రాత్రివేళ భద్రతా బలగాలు కొట్టి బయటికి ఈడ్చాయి. 1996లో మరో రెఫరెండం తెచ్చి పార్లమెంటు కోరలు పీకారు. దానికి ముందే ఎన్నికల సంఘం అధిపతి విక్టర్ గొంచార్‌ను తొలగించారు. 1999లో ఆ గొంచార్ అదృశ్యమయ్యారు, మళ్లీ కనిపించలేదు. 2004లో అధ్యక్ష పదవికి కాలపరిమితీ పోయింది. ఉద్యోగుల మెడ మీద కాంట్రాక్టు కత్తి వేలాడింది: ప్రభుత్వమే పెద్ద యజమాని అయిన దేశంలో నోరు విప్పిన కార్మికుడిని తీసేయనక్కర్లేదు, గడువు తీరాక కాంట్రాక్టు పొడిగించకపోతే చాలు.

అయినా 2020 ఆగస్టు 9న, అధ్యక్ష ఎన్నికల రోజున, జనం కదిలారు. లుకాషెంకో మీద పోటీ చేసిన స్వెత్లానా టిఖానోవ్‌స్కాయాకు ఓటేసినవారు చేతికి తెల్లని పట్టీ కట్టుకుని, పారదర్శకమైన పెట్టెలో తమ ఓటు గుర్తుపట్టేలా బ్యాలెట్‌ను విసనకర్రలా మడతలు పెట్టి వేశారు. లోపలికి రానివ్వని పరిశీలకులు పోలింగ్ జరిగే బడుల కిటికీల బయట నిలబడి లెక్కపెట్టారు. ఒక కాగితాన్ని ఎలా మడవాలన్నది కూడా పౌరులు ఆలోచించుకోవలసి వచ్చిందంటే, ఆ పట్టుదల తలచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది. అధికారికంగా ప్రకటించిన ఫలితం లుకాషెంకోకు మళ్లీ 80 శాతమే. 1994లో ఆ అంకె ఇచ్చింది ఓటర్లు.

2025 సెప్టెంబరు 11న బెలారస్ జైళ్ల నుంచి 52 మంది ఖైదీలను విడుదల చేసి లిథువేనియా సరిహద్దుకు తరలించారు. వారిలో 2010 అధ్యక్ష ఎన్నికల్లో పోటీ చేసి జైలుపాలైన మికోలా స్టాట్కెవిచ్ ఒకరు. దేశం విడిచి వెళ్లడానికి ఆయన ఒప్పుకోలేదు. బస్సు దిగి, రెండు దేశాల మధ్యనున్న ఖాళీ స్థలంలో గంటల తరబడి ఒంటరిగా కూర్చుని, చివరికి మళ్లీ బెలారస్‌లోకే వెళ్లిపోయారు.