నిమిషం పూర్తిగా

మన బడి పాత విద్యార్థుల సమ్మేళనం కమిటీ వాళ్లు ఫోన్ చేసి, "సంచికకు రెండు పేజీలు రాయాలి. నువ్వు చేసే గుండె మార్పిడి గురించే రాయి, అందరూ అదే అడుగుతున్నారు" అన్నారు. సరేనన్నాను. తీరా కాగితం ముందు కూర్చుంటే ఆపరేషన్ థియేటర్ గుర్తుకు రాలేదు. మన తొమ్మిదో తరగతి గది, బల్ల మీద ఆ గరాటు, ఎర్ర రబ్బరు గొట్టం గుర్తొచ్చాయి. గొట్టం ఎవరు కోశారన్నది ఇప్పుడు తేల్చనక్కర్లేదు. కిటికీ బ్యాచ్‌ను మాస్టారే ఎప్పుడో క్షమించేశారు.

ఆ రోజు సైన్స్ మాస్టారు పుస్తకం తెరవలేదు. గరాటుకు గొట్టం తొడిగి, ఒకరి గుండె ఒకరిని వినమన్నారు. ముందు ఎవరూ లేవలేదు. నేను లేచి గరాటు తీసుకుని పక్కమ్మాయి మీద పెట్టబోతుంటే ఆయన ఆపారు. "ముందు అరచేతిలో పెట్టుకుని వెచ్చబరచు. తర్వాత 'పెట్టనా' అని అడుగు. ఆ తర్వాత పెట్టు." ఇప్పటికీ నా స్టెతస్కోపుతో ఆ మూడు పనులూ అదే వరుసలో చేస్తాను. నా దగ్గర నేర్చుకునే డాక్టర్లకు గుండె గదుల కన్నా ముందు చెప్పేది ఇదే.

తర్వాత నాడి చూడటం. మనమంతా పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేసి చేతులెత్తాం. ఆయన ఒప్పుకోలేదు. "నిమిషం పూర్తిగా పట్టుకోండి. ఆ నిమిషంలో అవతలి మనిషి మీకు ఏం చెబుతాడో మీకు తెలియదు" అన్నారు. పట్టిక గీయించి అందరి పేర్లూ అంకెలూ రాయించారు. గ్రౌండ్ చుట్టూ పరిగెత్తించి మళ్లీ రాయించారు. మన 'నూట డెబ్బై'కి ఆ పేరు వచ్చింది ఆ సాయంత్రమే.

ఆయన డైరీలో దాచుకున్న పాత పేపర్ కటింగ్ బయటికి తీసింది కూడా అప్పుడే. 1967 డిసెంబరు 3న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో, గ్రూట్ షూర్ ఆసుపత్రిలో, క్రిస్టియాన్ బర్నార్డ్ ఒక మనిషి గుండెను ఇంకో మనిషికి అమర్చిన వార్త. ఆ గుండెతో లూయీ వాష్‌కాన్‌స్కీ 18 రోజులు బతికారు. చివరికి న్యుమోనియాతో పోయారు. మాస్టారు చదవడం పూర్తికాగానే మన రెండో బెంచీ అమ్మాయి లేచి, "గుండె మారిపోయింది కదా, మరి ఆయన భార్యను మర్చిపోయాడా మాస్టారూ?" అని అడిగింది. గదంతా ఘొల్లుమంది. మాస్టారు నవ్వలేదు. "మంచి ప్రశ్న. నాకు తెలియదు. చెప్పగలిగిన వాళ్లు మీలోంచి వస్తారేమో" అన్నారు. ఆ మాట అందరికీ చెప్పారు. నేను నా ఒక్కదానికే చెప్పారనుకున్నాను.

పదో తరగతి, కాలేజీ, మెడిసిన్, రాత్రీ పగలూ తెలియని ట్రైనింగ్ ఏళ్లు, అవన్నీ దాటేస్తున్నాను. చదువుకుంటున్నప్పుడు తెలిసిన ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. బర్నార్డ్ తర్వాత ఎన్నో చోట్ల ఈ ఆపరేషన్ మొదలుపెట్టారు, పేషెంట్లు దక్కకపోవడంతో చాలామంది మానేశారు. కుట్టడం వచ్చింది కానీ, శరీరం కొత్త గుండెను పరాయిదని తిప్పికొట్టకుండా చూడటం రాలేదు. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్‌లో సర్జన్ నార్మన్ షమ్‌వే మాత్రం ఆపలేదు. మెడ దగ్గరి సిరలోంచి సన్నని పరికరం పంపి, గుండె లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించే పద్ధతి ఆయన బృందం నుంచే వచ్చింది. 1980ల్లో, శరీరం అలా తిప్పికొట్టకుండా అణిచే సైక్లోస్పోరిన్ అనే మందు వచ్చాక దారి తెరుచుకుంది. ఇవాళ గుండె మార్పిడి జరిగినవాళ్లలో సగానికి పైగా పదేళ్లు దాటుతున్నారు. ఆ 18 రోజుల నుంచి ఇక్కడి దాకా వచ్చిన దారిలో నేనూ కొంత దూరం నడిచాను. ఈ మాట మీ ముందు చెప్పుకోవడం నాకు ఎంతో సంతోషం.

పాత గుండె తీసేశాక ఛాతీ ఖాళీగా కనిపిస్తుంది. రక్తాన్ని యంత్రం నడుపుతుంటుంది. కొత్త గుండె దాదాపు మూడు వందల గ్రాములు ఉంటుందేమో, మంచులోంచి వచ్చి చేతిలో చల్లగా, కదలకుండా ఉంటుంది. ఎడమ కర్ణిక దగ్గర కుట్టు మొదలుపెడతాం. అన్నీ కలిపి, రక్తాన్ని ఆపి ఉంచిన క్లాంప్ తీయగానే వెచ్చటి రక్తం లోపలికి వెళ్లి రంగు తిరుగుతుంది. ఒక్కోసారి దానంతట అదే కొట్టుకోవడం మొదలుపెడుతుంది, ఒక్కోసారి చిన్న షాక్ ఇవ్వాలి. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణంలో నాకు ఊపిరి ఆడదు.

కానీ ఇదంతా మొదలయ్యేది ఇంకో గదిలో. దాత బంధువులు అప్పటికే కడసారి చూసి వెళ్లిపోయి ఉంటారు. బ్రెయిన్ డెత్ అని తేల్చే డాక్టర్లలో మా బృందం వాళ్లు ఎవరూ ఉండకూడదు. మేం ఆ గదిలోకి వెళ్లాక, కత్తి పట్టకముందు, అందరం చేతులు కట్టుకుని ఒక నిమిషం నిలబడతాం. దాత గుండెకు రక్తం ఆపిన క్షణం నుంచి మాకు నాలుగు గంటలే టైమ్, అందులోనే అది ఇక్కడికి చేరి మళ్లీ కొట్టుకోవాలి. ఆ టెన్షన్‌లో ఉన్న కొత్తవాళ్లు ఈ నిమిషాన్ని తగ్గించాలని చూస్తారు. నేను తగ్గించనివ్వను. గోడ గడియారం చూస్తూ అరవై సెకన్లూ నిలబెడతాను.

ఆపరేషన్ అయి మూడో నెలలో ఉన్న ఒకాయన సంగతి చెబుతాను. శరీరం గుండెను తిప్పికొట్టకుండా ఇచ్చే మందు మోతాదు రక్తంలో పడిపోయింది. గుండె ముక్క పరీక్షలో తిరస్కారం మొదలైందని తేలింది. మాత్రలు మానేస్తున్నారని మాకు అర్థమైంది. జూనియర్లు గట్టిగా అడిగితే "మర్చిపోయాను" అన్నారు. నేను కుర్చీ లాక్కుని కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. నలభై సెకన్లు అయ్యుంటాయి. "డాక్టరమ్మా, ఎవరి కొడుకో పోతే నేను బతికాను. మాత్ర చేతిలోకి తీసుకుంటే ఆ తల్లి కళ్లముందుకొస్తుంది. మింగుడు పడదు" అన్నారు. లెక్క ఆపలేదు. నూట నాలుగు. ఆ తర్వాత చెప్పాను: "ఆ అబ్బాయి మీ కోసం పోలేదండీ. పోయాక, వాళ్లమ్మ మీకిచ్చింది. ఇచ్చినదాన్ని మీరు చూసుకోవాలి." ఆయన చాలాసేపు ఏడ్చారు. మందు పెంచి, కొన్ని రోజులు ఆసుపత్రిలోనే ఉంచాం. ఇప్పుడు ఉదయం ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి మాత్ర వేసుకుంటారు. పేరు లేకుండా ఆ తల్లికి ఒక ఉత్తరం రాసి, అవయవదానం పనులు చూసే కోఆర్డినేటర్ ద్వారా పంపించారు. పదిహేను సెకన్లకే చెయ్యి వదిలేసి ఉంటే ఆయన ఆ మాట చెప్పేవారా? చెప్పేవారు కాదని నా నమ్మకం.

మాస్టారి పట్టికలో ఎక్కని అంకె ఒకటుంది. మార్పిడి చేసిన గుండెకు నరాలు మనం కలపం. దాన్ని నెమ్మదించమని చెప్పే వేగస్ నరం తెగిపోతుంది కాబట్టి ఊరికే కూర్చున్నా నాడి తొంభై, వంద కొడుతుంది. మెట్లు ఎక్కితే మనకు పెరిగినట్టు వెంటనే పెరగదు. రక్తంలో అడ్రినలిన్ చేరాక కొన్ని నిమిషాలకు మెల్లగా పెరుగుతుంది, కూర్చున్నాక కూడా వెంటనే దిగదు. మొదటిసారి ఇది నా వేళ్లకు తెలిసిన రోజున మాస్టారికి ఫోన్ చేశాను. "మళ్లీ చెప్పు, రాసుకుంటున్నాను" అన్నారు.

రెండోసారి ఫోన్ చేసింది ఇంకో సంగతికి. ఆపరేషన్‌కు ముందు ఒకావిడ నన్ను పక్కకు పిలిచి, "మేడమ్, ఈయన నన్ను మునుపటిలాగే చూస్తారా?" అని అడిగింది. నేను నవ్వలేదు. ఎలా నవ్వకూడదో చిన్నప్పుడే చూశాను. "అలాగే చూస్తారమ్మా" అన్నాను. ఆపరేషన్ అయిన మర్నాడు గొంతులోని ట్యూబు తీశాం. ఆయన ఆవిడ వైపు చూసి, బొంగురు గొంతుతో, "రాత్రి నిద్రపోయావా?" అన్నారు. మాస్టారికి ఇది చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అడిగిన పిల్లకు చెప్పావా?" అన్నారు.

రెండో బెంచీ అమ్మాయీ, అందుకే ఈ రెండు పేజీలు. మర్చిపోలేదు, అడిగిన మొదటి మాటే ఆవిడ నిద్ర గురించి.

ఆ పట్టిక ఉన్న నోటుబుక్కు మన లీడరు దగ్గరే ఉండాలి. సమ్మేళనానికి తప్పకుండా తేవాలి. పాత అంకెల పక్కన కొత్తవి రాద్దాం. అందరి నాడీ నేనే చూస్తాను, గడియారం మాస్టారి చేతిలో ఉంటుంది. మెట్లు ఎక్కి రాగానే కాదు, కాసేపు కూర్చున్న తర్వాతే. ఒక్కొక్కరికి నిమిషం పడుతుంది కాబట్టి కొంచెం ముందే రండి.